కమ్మరి కొలిమి

కమ్మరి కొలిమి అనగా ఇనుమును, ఉక్కును నిప్పులో కాచి, దాగలిపై ఉంచి, సుత్తితో కొట్టి కావలసిన ఆకారానికి తెచ్చే పనిచోటు. పొయ్యి, దానికి గాలినిచ్చే తిత్తి లేక పంకా, దాగలి, సుత్తులు, పట్టుకార్లు, నీళ్ళ తొట్టి ఇందులో ముఖ్యమైన భాగాలు. తెలుగు పల్లెలలో కొలిమి చాలావరకు కమ్మరి ఇంటిని ఆనుకొని గాని, ఇంటి ముందరి పాకలో గాని ఉండేది. వ్యవసాయ పనిముట్లు బాగుచేసుకొనేవారు, కత్తులు, అలంకార వస్తువులు చేతితో తయారుచేసేవారు, వృత్తివిద్య నేర్చుకొనేవారు నేడు ఇంటివద్ద చిన్న కొలిమిని ఏర్పరచుకోవడం కూడా ఉంది.

కొలిమి అమరికను ముఖ్యంగా నిర్ణయించేది కాలం. నిప్పులోనుండి తీసిన ఇనుము మెత్తగా ఉండేది కొద్ది క్షణాలే. చిటికెన వేలంత లావు కడ్డీ అరనిమిషం లోపలే పనికిరానంతగా చల్లబడుతుంది. కొడవలి అంచు వంటి పలుచని భాగం పది సెకన్లు నిలవడం కూడా కష్టం. కాబట్టి పొయ్యికి, దాగలికి మధ్య దూరం, పనిముట్లు ఉంచే చోటు, పాకలోని వెలుతురు, నేల, నీళ్ళ తొట్టి ఇవన్నీ ఆ కొద్ది క్షణాలను వృథా కానీయకుండా, ఆ తొందరలో ఎవరికీ గాయం కాకుండా ఉండేటట్లు ఏర్పాటు చేయబడతాయి.

పేరు, అర్థాలు

తెలుగులో కొలిమి అనే మాటకు రెండు వాడుకలున్నాయి. ఇనుమును కాచే పొయ్యి ఒకటి, ఆ పొయ్యి ఉన్న పనిచోటు మొత్తం మరొకటి. గాలి ఊదే తోలు సంచిని కొలిమితిత్తి అంటారు. ఇనుమును ఉంచి కొట్టే ఇనుప దిమ్మెకు దాగలి, దాకలి, దాయి అనే పేర్లున్నాయి. చేతి సుత్తిని సుత్తె అని, రెండు చేతులతో ఎత్తి కొట్టే పెద్ద సుత్తిని సమ్మెట అని అంటారు. వేడి ఇనుమును పట్టుకొనేది పట్టుకారు. కాలిన బొగ్గునుండి, ఇనుమునుండి వెలువడి గడ్డకట్టిన మలినం చిట్టెము.

కొలిమి పని సామెతలలోనూ చోటు చేసుకొంది. ఉన్నచోటికే ఉన్న వస్తువును తెచ్చి అమ్మజూపేవారిని "కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్లు" అని ఎత్తిపొడుస్తారు. విరిగిన ఇనుమును కమ్మరి మళ్ళీ కాచి అతకగలడన్న విషయాన్ని వేమన ఒక పద్యంలో విరిగిన మనసుతో పోల్చి చెప్పాడు.

తెలుగు పల్లెలలో కొలిమి

విశ్వబ్రాహ్మణులలోని అయిదు వృత్తులలో కమ్మరం ఒకటి. మిగిలినవి వడ్రంగం, కంచరిపని, శిల్పం, కంసాలిపని. పల్లెలో కమ్మరికి, వడ్రంగికి పని దగ్గర సంబంధం ఉండేది. నాగలిని వడ్రంగి చేస్తే, దానికి కర్రును కమ్మరి చేసేవాడు. బండి చక్రాన్ని వడ్రంగి కూర్చితే, దానిపై ఇనుప పట్టాను కమ్మరి ఎక్కించేవాడు. కొడవలి, గొడ్డలి, పార, గునపం, బాడిసె, తలుపు గొళ్ళెము, మేకులు కొలిమినుండే వచ్చేవి. అరిగిపోయిన కర్రును సాగగొట్టడం, కొడవలికి కక్కు పెట్టడం, గొడ్డలి అంచుకు ఉక్కు వేయడం ఏటేటా జరిగే పనులు.

ఈ పనులకు రైతులు డబ్బు కాక, పంట నూర్చిన తరువాత కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దీనిని మేర అనేవారు. అందుచేత తొలకరికి ముందు కొలిమి వద్ద రద్దీ ఎక్కువగా ఉండేది. తిత్తి లాగడానికి కమ్మరి ఇంటివారే కూర్చొనేవారు. సమ్మెట వేయడానికి కొడుకో, తమ్ముడో, ఒక్కొక్కసారి పని తెచ్చిన రైతే సాయపడేవాడు. ఇంటిల్లిపాది చేయి కలిపే పని కావడం వలన కొలిమి ఇంటికి దగ్గరగా ఉండడం అవసరమయింది.

తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు పేరుపొందింది. హెన్రీ వాయిసీ అక్కడి ఉక్కు తయారీని చూసి వ్రాసిన వర్ణన ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పర్షియా వర్తకులు ఈ ఉక్కును కొనడానికి అక్కడికి వచ్చేవారు. పాశ్చాత్య దేశాలలో దీనికి వాడే "వూట్జ్" అనే పేరు దక్షిణ భారత భాషలలోని ఉక్కు అనే మాటనుండి వచ్చిందని సాధారణంగా చెబుతారు.

స్థలం, కట్టడం

కొలిమికి మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల పాక సరిపోతుంది. పొడవాటి కడ్డీలతో పనిచేసేవారికి ఒక వైపు గోడ లేకుండా ఉంటే సౌకర్యం. నివసించే గదులలో గాని, వంటింటిలో గాని, కారు, ద్విచక్ర వాహనాలు, పెట్రోలు ఉంచే చోట గాని కొలిమి పెట్టరాదు. గడ్డివాములకు, పశువుల కొట్టానికి దూరంగా, గాలివాటు ఇంటివైపు లేని మూలను ఎంచుకోవాలి.

* కప్పు: తాటాకు, పూరి కప్పులు నిప్పురవ్వలకు అంటుకొంటాయి. పెంకు గాని, ఇనుప రేకు గాని వాడాలి. కప్పు ఎత్తు పొయ్యి వద్ద కనీసం మూడు మీటర్లుంటే వేడి, పొగ పైకి పోతాయి.
* నేల: గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టినేల శ్రేష్ఠం. కాగిన ఇనుము పడితే సిమెంటు నేల పైపొర పగిలి పెచ్చులు ఎగిరే అవకాశముంది. చెక్క నేల, ప్లాస్టిక్ పరుపులు పనికిరావు.
* గాలి: ఎదురెదురు వైపుల గాలి దారులుండాలి. మూసిన గదిలో పనిచేస్తే పొయ్యిపై మూత వంటి రేకు, దానినుండి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం తప్పనిసరి. గొట్టం అడ్డుకొలత 25 నుండి 30 సెంటీమీటర్ల వరకు ఉంటే పొగ బాగా లాగుతుంది.
* వెలుతురు: పొయ్యి, దాగలి ఉన్న భాగం నీడగా ఉండాలి. ఇనుము ఎంత కాగిందో కమ్మరి దాని రంగును బట్టి తెలుసుకొంటాడు. ఎండ పడేచోట ముదురు ఎరుపు కంటికి ఆనదు; నారింజ రంగు ఎరుపుగా తోస్తుంది. దానితో ఇనుమును అవసరాన్ని మించి కాచి పాడుచేసే ప్రమాదముంది. కొలతలు వేసే బల్ల, ఆకురాయితో రాసే చోటు మాత్రం వెలుగులో ఉండాలి.

దాగలి మోత చాలా దూరం వినబడుతుంది. భారతదేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55 డెసిబెళ్ళకు, రాత్రి 45 డెసిబెళ్ళకు మించరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటల వరకు రాత్రివేళగా లెక్కిస్తారు. దాగలి కింది మొద్దును ఇసుకలో నిలపడం, దాగలి నడుముకు గొలుసు చుట్టడం వలన మోత కొంత తగ్గుతుంది.

పొయ్యి, గాలి

పొయ్యి అంటే నిప్పును ఒకచోట గుమిగూర్చి, దానిలోనికి గాలిని పంపే గుంట. నేలమీద కూర్చొని పనిచేసే పద్ధతిలో పొయ్యి నేలలోనే ఉంటుంది. నిలబడి పనిచేసేవారు ఇటుకలతోనో, ఇనుప బల్లతోనో నడుము ఎత్తున కట్టుకొంటారు. గుంట వెడల్పు 20 నుండి 25 సెంటీమీటర్లు, లోతు 10 సెంటీమీటర్లు ఉంటే ఇంటి పనులకు చాలు. గుంట లోపలి భాగానికి బంకమట్టి, ఇసుక కలిపి మెత్తుతారు. కొత్తగా మెత్తిన మట్టిని రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, తరువాత సన్నని మంటతో కాల్చాలి. తడి ఉండగానే పెద్ద మంట వేస్తే లోపలి నీరు ఆవిరై మట్టి పెచ్చులుగా ఊడివస్తుంది.

గాలి గొట్టం పక్కనుండి గాని, అడుగునుండి గాని పొయ్యిలోనికి వస్తుంది. కర్రబొగ్గుకు పక్క గొట్టం అనుకూలం. రాక్షసి బొగ్గుకు అడుగు గొట్టం, దానిపై జల్లెడ, కింద బూడిద రాలే మూత ఉన్న ఏర్పాటు అనుకూలం.

పాత కొలిమితిత్తి మేకతోలుతో గాని, ఇతర పశువుల తోలుతో గాని చేసేవారు. ఒక్క తిత్తి అయితే లాగినప్పుడు గాలి ఆగుతుంది. రెండు తిత్తులను ఒకదాని తరువాత ఒకటి నొక్కితే గాలి ఎడతెగకుండా వస్తుంది. తరువాతి కాలంలో పెద్ద చక్రాన్ని చేతితో తిప్పితే పట్టీ ద్వారా చిన్న పంకా వేగంగా తిరిగే యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు చిన్న విద్యుత్ పంకాలు వాడుతున్నారు. విద్యుత్ పంకా గొట్టానికి గాలిని తగ్గించే, పెంచే మూత తప్పక ఉండాలి. చేతి తిత్తికి ఒక సుగుణముంది: లాగేవాడు ఆపగానే గాలి ఆగుతుంది. పంకా మాత్రం కమ్మరి దాగలి వద్ద ఉన్నంతసేపూ ఊదుతూ బొగ్గును వృథాచేస్తుంది, పొయ్యిలో మరచిన ఇనుమును కాల్చివేస్తుంది. కాలితో తొక్కే స్విచ్చి ఏర్పాటు చేస్తే ఈ లోపం తీరుతుంది.

ఒక కిలో కర్బనం పూర్తిగా కాలడానికి సుమారు 9 నుండి 10 ఘనమీటర్ల గాలి కావాలి. గాలి మరీ ఎక్కువైతే మిగిలిన ఆమ్లజని ఇనుముతో కలిసి పైన పొలుసు కడుతుంది. అందుచేత ఇనుమును గాలి గొట్టం మూతి ఎదుట కాక, దానికి కొంత ఎగువన, నిప్పుల నడిమి భాగంలో ఉంచుతారు. కింద, పైన నిప్పులు కప్పి ఉండాలి.

ఇంధనం

* కర్రబొగ్గు: తుమ్మ, సర్కారు తుమ్మ బొగ్గు తెలుగు ప్రాంతాలలో దొరుకుతుంది. గంధకం దాదాపు ఉండదు కనుక ఉక్కుకు మంచిది. తేలికగా ఉండడం వలన త్వరగా తరిగిపోతుంది, నిప్పురవ్వలు ఎక్కువగా లేస్తాయి. నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి, పొడి జల్లించి వాడాలి.
* రాక్షసి బొగ్గు: నిప్పుల్లో మెత్తబడి ఒకదానితో ఒకటి అంటుకొని గుల్లగా మారే రకం కొలిమికి శ్రేష్ఠం. సింగరేణి గనులలో దొరికేది ఈ రకం కాదు, పైగా దానిలో బూడిద ఎక్కువ. దానితో పనిచేసేవారు చిట్టెమును మాటిమాటికీ తీసివేయవలసి ఉంటుంది.
* కోక్: పొగ తక్కువ, వేడి ఎక్కువ. గాలి ఎడతెగకుండా ఉండాలి. ఆగితే నిప్పు ఆరిపోతుంది.
* గ్యాస్: లోపల వేడిని తట్టుకొనే పూత గల ఇనుప డబ్బాలో మంటను పంపే పొయ్యిలున్నాయి. ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరును ఇందుకు వాడరాదు. ఈ గ్యాస్ గాలికంటె బరువైనది కనుక కారితే నేలబారున చేరుతుంది. గాలిదారులు నేలమట్టంలో కూడా ఉండాలి.

దాగలి

దాగలికి కావలసిన గుణాలు రెండు: బరువు, దాని కింద గట్టి ఆధారం. దాగలి తేలికగా ఉంటే సుత్తి దెబ్బలోని బలం దానిని కదపడానికే ఖర్చవుతుంది. సుత్తి బరువుకు కనీసం 50 రెట్లు బరువున్న దాగలి మంచిదని ఒక మోటు లెక్క. ఒక కిలో సుత్తికి 50 కిలోల దాగలి అన్నమాట. సాంప్రదాయిక దాగలి చతురస్రపు ఇనుప దిమ్మె. దాని కింది భాగం చెక్క మొద్దులో దిగి ఉంటుంది. యంత్ర పరికరాల దుకాణాలలో దొరికే దాగలికి ఒక చివర కొమ్ము ఉంటుంది; కడ్డీని గుండ్రంగా వంచడానికి అది ఉపయోగం. పోత ఇనుముతో చేసిన చవక దాగళ్ళ అంచులు దెబ్బకు పెళ్ళలుగా విరుగుతాయి. ఉక్కు దాగలిపై చిన్న ఇనుప గుండును కొద్ది ఎత్తునుండి వదిలితే బాగా పైకి ఎగురుతుంది. మెత్తని దాగలిపై అంతగా ఎగరదు. కొనేముందు ఈ పరీక్ష చేస్తారు.

కొత్తవారు రైలు పట్టా ముక్కను దాగలిగా వాడడం ఉంది. భారతీయ రైల్వేలలో మీటరుకు 52 కిలోల, 60 కిలోల బరువుండే పట్టాలు వాడుకలో ఉన్నాయి. అడుగు పొడవు ముక్క 15 నుండి 18 కిలోలు తూగుతుంది. దానిని పడుకోబెట్టక, నిలువుగా మొద్దులో పాతితే దెబ్బ కింద ఉక్కంతా ఒకే వరుసలో ఉండి ఎక్కువ బలం నిలుస్తుంది. రైల్వే ఆస్తిని అనుమతి లేకుండా తీయడం, కొనడం నేరం కాబట్టి వేలంలో కొన్న పాత సామాను వ్యాపారుల వద్ద రసీదుతోనే తీసుకోవాలి.

మొద్దుకు తుమ్మ గాని, చింత గాని మంచిది. రెండు అడుగులు నేలలో పాతి, చుట్టూ మట్టి దిమ్మిస కొడతారు. నిలబడి పనిచేసేవారికి దాగలి పైభాగం, చేతులు వేలాడదీసి పిడికిలి బిగించినప్పుడు వేలి కణుపులు తాకేటంత ఎత్తులో ఉండాలి. ఎక్కువ ఎత్తయితే భుజం, తక్కువయితే నడుము నొప్పిపెడతాయి. కూర్చొని పనిచేసే పద్ధతిలో దాగలి నేలకు కొద్ది ఎత్తులోనే ఉంటుంది. సమ్మెట వేసేవాడు ఎదుట నిలబడతాడు.

చేతి పనిముట్లు

* సుత్తులు: మొదట ఒక కిలో బరువుది ఒకటి చాలు. బరువైన సుత్తి త్వరగా అలసట తెస్తుంది, అలసిన చేతి దెబ్బ గురి తప్పుతుంది. సుత్తి మొగము అంచులు నున్నగా రాసి ఉండాలి. లేకుంటే ఇనుముపై గాట్లు పడతాయి. సమ్మెట 3 నుండి 5 కిలోల వరకు ఉంటుంది.
* పట్టుకార్లు: చదును పట్టీలకు ఒకటి, గుండ్రని కడ్డీలకు ఒకటి కనీసం ఉండాలి. మూతి ఇనుమును పూర్తిగా ఆనుకొని పట్టాలి. వదులుగా పట్టిన ముక్క దెబ్బకు ఎగిరిపడుతుంది.
* ఉలులు: వేడి ఇనుమును నరికేది పలుచగా, చల్లని ఇనుమును నరికేది మందంగా ఉంటుంది. వేడి ఇనుముమీద వాడేదానికి కర్రపిడి గాని, చుట్టిన తీగ పిడి గాని ఉండాలి.
* పంచీలు: బెజ్జాలు వేయడానికి. సగం లోతు ఒక వైపునుండి, మిగిలినది రెండో వైపునుండి కొడతారు.
* వైసు: నేలలో పాతిన కాలు గల వైసు దెబ్బలను తట్టుకొంటుంది. బల్ల వైసు ఆకురాయి పనికి మాత్రమే.
* ఆకురాళ్ళు, తీగ బ్రష్షు, ఉక్కు కొలబద్ద, నిప్పు కదిపే కడ్డీ, బొగ్గు గరిటె, నీళ్ళు చిలకరించే బెజ్జాల డబ్బా.

వీటిలో చాలావాటిని కొలిమిలోనే తయారుచేసుకోవచ్చు. అందువలన పొయ్యి, దాగలి, ఒక సుత్తి, ఒక పట్టుకారు సమకూర్చుకొని, మిగిలినవాటిని అవసరాన్ని బట్టి చేసుకొంటూ పోవడం ఈ వృత్తిలో అలవాటు. కదిపే కడ్డీ, పంచీలు, రెండో పట్టుకారు నేర్చుకొనేవారికి తొలి పాఠాలు కూడా.

అమరిక

పొయ్యికి, దాగలికి మధ్య దూరం ఒక్క అడుగు వేసి తిరిగితే అందేటట్లు, సుమారు ఒక మీటరు ఉండాలి. మరీ దగ్గరయితే కమ్మరి వీపుకు వేడి తగులుతుంది, పట్టుకారు తిప్పడానికి చోటుండదు. సుత్తి, ఉలి దాగలి పక్కనే చేయి చాచితే తగిలేచోట ఉంటాయి. పట్టుకార్లను పొయ్యి అంచున వేలాడదీస్తారు. నీళ్ళ తొట్టి పొయ్యికి, దాగలికి పక్కగా, కాలికి అడ్డురాని చోట ఉండాలి. వైసు రెండడుగుల దూరంలో ఉండవచ్చు; కాగిన కడ్డీని వంచడానికి అదీ త్వరగా అందాలి.

ఈ మూడింటి మధ్య నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. తెగిన ముక్కలు, తీగలు, విద్యుత్ వైర్లు అక్కడ ఉండరాదు. చూడవచ్చినవారు నిలబడడానికి దాగలికి రెండు మీటర్ల అవతల ఒక గీత గీయడం మంచిది.

ఇనుము, ఉక్కు ఎంపిక

మెత్తని ఉక్కులో కర్బనం సుమారు 0.05 నుండి 0.25 శాతం వరకు ఉంటుంది. కొక్కేలు, గొళ్ళాలు, చువ్వలకు అది తగినది. తేలికగా సాగుతుంది, కాని అంచుకు గట్టిదనం రాదు. లారీ స్ప్రింగు పట్టీలలో కర్బనం 0.5 నుండి 0.6 శాతం వరకు ఉంటుంది. కొడవళ్ళు, కత్తులు, గొడ్డళ్ళకు పల్లె కమ్మర్లు వీటిని ఎక్కువగా వాడతారు. పాత ఆకురాళ్ళలో ఒక శాతం, అంతకు పైగా ఉంటుంది. కర్బనం పెరిగిన కొద్దీ కొట్టదగిన వేడి అవధి ఇరుకవుతుంది: ఎక్కువ కాగితే చిట్లుతుంది, తక్కువ కాగితే పగులుతుంది. మూస ఉక్కుతో పనిచేసిన కమ్మరికి నేర్పు ఎక్కువగా కావలసివచ్చింది ఇందుకే. పోత ఇనుము సుత్తి దెబ్బకు పగులుతుంది కాబట్టి కొలిమి పనికి రాదు.

ఉక్కు రకం తెలియనప్పుడు సానరాయిపై పట్టి నిప్పురవ్వలను చూస్తారు. మెత్తని ఉక్కు రవ్వలు పొడవైన గీతలుగా పోతాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర చిచ్చుబుడ్డి వలె చీలుతాయి.

కాక రంగులు

నీడలో చూసినప్పుడు కనబడే రంగులు, వాటికి సుమారు వేడి (సెల్సియస్ డిగ్రీలలో):

* ముదురు ఎరుపు – 650 నుండి 700. కొట్టడం ఆపి మళ్ళీ కాచాలి.
* పండు ఎరుపు – 750 నుండి 800. ఉక్కుకు నీరు పెట్టే కాక.
* నారింజ – 900 నుండి 950. చదును చేయడం, సరిదిద్దడం.
* పసుపు – 1,050 నుండి 1,100. సాగగొట్టడం, బెజ్జం వేయడం.
* లేత పసుపు – 1,200. మెత్తని ఉక్కుతో బరువైన పని.
* తెలుపుకు దగ్గర – 1,250 నుండి 1,300. రెండు ముక్కలను అతకడం. ఇంకా కాస్తే రవ్వలు చిమ్ముతూ ఇనుము కాలిపోతుంది. స్వచ్ఛమైన ఇనుము కరిగే వేడి 1,538.

అతికేటప్పుడు పొలుసు కరిగి జారిపోవడానికి ముక్కలపై వెలిగారము చల్లుతారు.

బండి పట్టా ఎక్కించడంలో కాక మరో విధంగా పనిచేస్తుంది. మీటరున్నర అడ్డుకొలత గల చక్రపు పట్టా చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. దానిని 500 డిగ్రీల వరకు కాస్తే దాదాపు 3 సెంటీమీటర్లు సాగుతుంది. కాగిన పట్టాను చక్రంపై దించి వెంటనే నీళ్ళు పోస్తే అది ముడుచుకొని చక్రాన్ని బిగించి పట్టుకొంటుంది.

నీరు పెట్టడం

కత్తి, కొడవలి వంటివాటిని ఆకారానికి తెచ్చిన తరువాత అంచు గట్టిపడడానికి కాచి ముంచడాన్ని నీరు పెట్టడం అంటారు. సరియైన కాక తెలుసుకోవడానికి అయస్కాంతం ఉపయోగపడుతుంది. ఇనుము 770 డిగ్రీల వద్ద అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి కొద్దిగా కాచి ముంచాలి. స్ప్రింగు ఉక్కును నీటిలో ముంచితే చిట్లే ప్రమాదముంది కనుక నూనెలో ముంచుతారు. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి. పక్కనే గట్టి మూత ఉండాలి. మంట లేస్తే మూతవేసి ఆర్పాలి, నీళ్ళు పోయరాదు.

ముంచిన ఉక్కు గాజువలె పెళుసుగా ఉంటుంది. దానిని నునుపుగా రాసి, మళ్ళీ సన్నగా వేడిచేస్తే పైన రంగులు వస్తాయి. లేత గడ్డి రంగు 220–230 డిగ్రీలు, గోధుమ రంగు 250–260, ఊదా 270–280, నీలం 290–300. కత్తి అంచుకు గడ్డి రంగు, గొడ్డలికి ఊదా, స్ప్రింగువలె వంగవలసినదానికి నీలం తగినవి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ఎర్రగా ఉన్న ఇనుమును అందరూ చూసి తప్పుకొంటారు. కొలిమిలో ఎక్కువ కాలిన గాయాలకు కారణం నల్లబడిన తరువాత కూడా 400 డిగ్రీల వేడిలో ఉండే ఇనుము. దించిన ముక్కలకు ప్రత్యేకంగా ఒక ఇసుక పెట్టె ఉంచి, దానిలోవి ఎవరూ తాకరాదని ఇంటిలో పిల్లలతో సహా అందరికీ చెప్పాలి. ఏ ముక్కనయినా తాకేముందు అరచేతి వెనుకవైపును దగ్గరగా ఉంచి వేడి చూడాలి.

* విషవాయువు: బొగ్గు కాలేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. పొగ కనబడని నిప్పులనుండి కూడా వస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం తొలి గుర్తులు. వెంటనే బయటి గాలిలోనికి పోవాలి, తగ్గకుంటే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. పని అయిన తరువాత నిప్పులను ఇంటిలోనికి తేరాదు.
* జింకు పూత: నీటి గొట్టాలు, కొన్ని రేకులకు జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీల వద్ద మరిగి తెల్లని పొగగా వస్తుంది. దానిని పీలిస్తే చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. పూత ఉన్న ఇనుమును నిప్పులో పెట్టరాదు.
* మూసిన గొట్టాలు: రెండు చివరలు మూసి ఉన్న గొట్టాన్ని కాస్తే లోపలి గాలి, తేమ వ్యాకోచించి పేలుతుంది.
* కళ్ళు: పొలుసులు, ఉలి పెచ్చులు కంటిలో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి. సమ్మెట వేసేవాడికీ, తిత్తి లాగేవాడికీ కూడా ఇవి అవసరం.
* చెవులు: ఉక్కుపై ఉక్కు మోత ఏళ్ళ తరబడి వింటే వినికిడి తగ్గుతుంది. చెవి బిరడాలు వాడాలి.
* దుస్తులు: నూలు బట్టలు, తోలు ముందుతొడుగు, మూసిన తోలు చెప్పులు కావాలి. నైలాను, పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకొంటాయి. వేలాడే లుంగీ అంచు, కండువా ఉండరాదు.
* సుత్తి పిడి: ప్రతిదినం పని మొదలుపెట్టేముందు తల వదులుగా ఉందేమో చూడాలి.
* నిప్పు: ఒక బకెట్టు నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక ఎప్పుడూ నిండి ఉండాలి. పని ఆపిన తరువాత కనీసం అరగంట వరకు పొయ్యిని వదిలి పోరాదు.

కాలిన గాయాన్ని వెంటనే 20 నిమిషాలపాటు మామూలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. సిరా, పేస్టు, నూనె పూయరాదు.

నేటి పరిస్థితి

ట్రాక్టర్లు రావడంతో నాగటి కర్రుల పని, రబ్బరు చక్రాలు రావడంతో బండి పట్టాల పని తగ్గిపోయాయి. కర్మాగారాలలో తయారైన కొడవళ్ళు, పారలు సంతలలో చవకగా దొరుకుతున్నాయి. మేర పద్ధతి పోయి డబ్బు చెల్లింపు వచ్చింది. చాలామంది కమ్మర్లు వెల్డింగు దుకాణాలకు, ఇతర పనులకు మారారు. పదును పెట్టడం, మరమ్మతులు, ప్రాంతానికి తగిన ఆకారంలో కొడవళ్ళు, గొడ్డళ్ళు చేయడం మిగిలిన కొలిములకు ఆధారంగా ఉన్నాయి. ఒక ఊరి నేలకు, ఒక రైతు చేతికి సరిపడేటట్లు పనిముట్టును సరిచేయడం దూరపు కర్మాగారానికి సాధ్యం కాని పని.

భారత ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. సుత్తులు, పనిముట్లు తయారుచేసేవారు కూడా దానిలో ఉన్నారు. ఈ పథకం కింద శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, తక్కువ వడ్డీకి రుణాలు ఏర్పాటు చేయబడ్డాయి.

దసరాకు ఆయుధపూజ నాడు, విశ్వకర్మ జయంతి నాడు కమ్మర్లు దాగలికి, సుత్తులకు పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. ఆ దినం కొలిమి రాజేయకుండా, పనిముట్లకు విశ్రాంతి ఇచ్చే ఆచారం పలుచోట్ల ఉంది.

ఇవి కూడా చూడండి

* కమ్మరి
* విశ్వబ్రాహ్మణులు
* ఉక్కు
* కోనసముద్రం
* వడ్రంగి
* నాగలి